ముంపు ఫొటోల మీద రంగు వేస్తే అభ్యంతరమెందుకు, మంత్రిగారూ?

గౌరవనీయ రాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

కర్నూలు నుంచి ఒక చిత్రకారుడు నమస్కరించి రాస్తున్నది.

శ్రీశైలం ముంపు గ్రామాల వాళ్ల దగ్గర మిగిలిన పాత ఫొటోలు సేకరించి, కాన్వాసు మీద పెద్దగా ప్రింటు తీయించి, వాటిపై నేనూ నా మిత్రులూ రంగులు వేశాం. పెళ్లి ఫొటోలు, బడి ముందు నిలబడ్డ పిల్లలు, ఇల్లు పడగొట్టి దూలాలు, వాకిళ్లు బండికెత్తుతున్న మనుషులు. ప్రతి కాన్వాసు మీదా ఒక గీత ఉంటుంది. దాని పక్కన 885 అని రాశాం. గీత కిందున్నదంతా బురద రంగు పొరల్లో మునిగిపోయింది. డ్యాము పూర్తి నీటిమట్టం 885 అడుగులని ఇక్కడ ఎవర్నడిగినా చెప్తారు. ఒక్క కాన్వాసు మీద మాత్రం ఫొటో లేదు, జీవో 98 కాపీ ఉంది. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 1986 నాటి జీవో అది. దాని కోసం తిరిగి తిరిగి ముసలివాళ్లయినవాళ్లు ఇంకా మా మధ్యే ఉన్నారు.

ప్రదర్శనకు ఒక ప్రభుత్వ హాలు అడిగితే మొదట సరేనన్నారు. బొమ్మలు చూశాక ‘ఇది రాజకీయం, పైగా ఏమీ అర్థం కావట్లేదు’ అని నోటిమాటగా వద్దన్నారు. రాసివ్వమంటే ఇవ్వలేదు.

రాజకీయమే సార్. దాదాపు వంద ఊళ్లను ఖాళీ చేయించడం ప్రభుత్వ నిర్ణయమైనప్పుడు, దాని బొమ్మ రాజకీయం కాకుండా ఎట్లుంటుంది?

ఇక అర్థం కాకపోవడం గురించి. 1944లో నాజీల బిర్కెనావ్ శిబిరంలో ఖైదీలు ప్రాణాలకు తెగించి, అక్కడి సామూహిక హత్యలకు సాక్ష్యంగా దొంగచాటుగా నాలుగు ఫొటోలు తీశారు. జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ 2014లో వాటిని నాలుగు కాన్వాసుల మీదికి ఎక్కించి, ఆనవాలు కూడా కనబడనంతగా రంగు మీద రంగు లాగాడు. ఆ ఫొటోల ప్రింట్లను మాత్రం బొమ్మలతోపాటే ప్రదర్శించాడు. ఘోరాన్ని అందంగా గీయలేదు, అలాగని దాచనూ లేదు. ఇంతకన్నా నిజాయితీ అయిన దారి నాకు తెలియదు. మేం పట్టుకున్నదీ అదే.

మా గదికొచ్చిన ఒక పెద్దావిడ బురద రంగు మీద చెయ్యి పెట్టి ‘మా గడప ఈడనే ఉండాల’ అంది. ఆమెకు మేమేమీ వివరించలేదు.

కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టారు. అక్కడ చదివే పిల్లలు రేపు తమ పని చూపించుకోవాలంటే హైదరాబాదో బెంగళూరో పోవాల్సిందేనా?

ప్రభుత్వ హాళ్లు అడిగినవాళ్లను బొమ్మలో ఏముందని ముందుగా విచారించే పద్ధతి ఆపించండి. ఇవ్వకూడదనుకుంటే కారణం రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి. మాకు పది రోజులు చాలు. ముంపు ఊళ్ల పెద్దవాళ్లు వస్తామన్నారు, మెట్లెక్కలేరు, కాబట్టి కింది అంతస్తు హాలే ఇప్పించండి.

ఇట్లు,
కర్నూలు చిత్రకారుడు