నాలుగక్షరాల జాతకం

ఒరే బావా,

ఫోన్లో చెప్తే సగం విని నవ్వేస్తావని ఉత్తరం రాస్తున్నా. పోయిన వారం మా బ్యాంకు వాళ్లు మమ్మల్ని రెండు రోజుల ట్రైనింగుకి పంపారు. భోజనం మాత్రం బాగుంది. రెండో రోజు ఓ ప్రశ్నాపత్రం ఇచ్చి, అందరికీ తలా నాలుగక్షరాలు పంచారు. మైయర్స్-బ్రిగ్స్ టెస్టు అంటార్లే, అదే. లోకంలో మనుషులు మొత్తం 16 రకాలట. నేను అంతర్ముఖుణ్ణని తేలింది. నేను! పెళ్లి బస్సులో నా వాగుడు భరించలేక వెనక సీటుకి పారిపోయినవాడివి, నువ్వే చెప్పు. ఆ పూట జలుబు చేసి ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక, టిక్కులు అలా పడ్డాయంతే.

తర్వాత కాస్త చదివాను. ఆ టెస్టు తయారుచేసిన తల్లీకూతుళ్లిద్దరూ సైకాలజీ చదువుకున్నవాళ్లు కారట. సైకాలజీ వాళ్లు ఎక్కువగా ఐదు గుణాలు చూస్తారు: కొత్తవాటి మీద ఆసక్తి, పనిలో శ్రద్ధ, కలుపుగోలుతనం, మెతకతనం, కంగారు. ఇవి ఉన్నాయా లేవా అని కాదు, ఎవరిలో ఎంత అని. 1991లో బారిక్, మౌంట్ అనే ఇద్దరు అంతకుముందు జరిగిన పరిశోధనలు చాలావాటిని కలిపి చూస్తే, వాళ్లు చూసిన అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనికొచ్చింది శ్రద్ధేనట. కలుపుగోలుతనం సేల్సులోనూ మేనేజర్లకీ కలిసొచ్చింది. నీలాంటి మెడికల్ రెప్పులకి పండగే.

అసలు సంగతి మొన్న సోమవారంది. సాయంత్రం క్యాష్ టాలీ కాలేదు. 500 తక్కువ. తేలకపోతే క్యాషియరుగారు చేతి నుంచి కట్టుకోవాలి. నాకేమో చెమటలు. సొరుగు లాగి చూశా, కుర్చీ కింద చూశా, చెత్తబుట్ట కూడా బోర్లించా. ఆవిడ మాత్రం గాజులు పైకి తోసుకుని, స్పాంజి తడి చేసుకుని, కట్టలన్నీ మళ్లీ మొదట్నించి లెక్కపెట్టింది. తర్వాత వోచర్లు ఒక్కొక్కటే తిప్పింది. ఓ వోచరు వెనక 200 నోట్లు 15 అని ఉంది. సిస్టంలో 3,500 పడింది.

ఆ ఎంట్రీ ఎవరిదనుకున్నావు? నాదే. మధ్యాహ్నం ఆవిడ భోజనానికి వెళ్తే అరగంట నేనే సీట్లో కూర్చున్నా. లైన్లో ఓ పెద్దాయన బస్సు టైమైందని గొణుగుతుంటే "కాస్త ఆగండి" అనలేక గబగబా కొట్టేశాను. ఇదీ మన మెతకతనం, దానికి కంగారు తోడు. అంతర్ముఖత్వం గింత్వం ఏమీ లేదక్కడ.

ఆవిడ ఒక్క మాట అనలేదు. మేనేజరుగారితో చెప్పి ఎంట్రీ సరిచేయించింది. తన చిన్న నోటుబుక్కులో తేదీ వేసి ఏదో రాసుకుంది. బ్యాగు సర్దుకుంటూ, "రేపు కూడా ఓ అరగంట..." అంది.

మాట పూర్తి కాకుండానే "తప్పకుండా అండీ" అనేశాను.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. జవాబు రాయి, వాట్సాప్‌లో బొమ్మలు పంపి సరిపెట్టకు.

నీ
బావ