నొప్పులు రాకపోవడం తల్లి చేసిన తప్పు కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో, నెలలు నిండినా నొప్పులు రాలేదని బాధపడుతూ ఒక గర్భిణి అడిగిన ప్రశ్నకు ఇచ్చిన జవాబు చదివాను. ఈ కాలపు ఆడపిల్లలకు ఒళ్లు వంచి పనిచేసే అలవాటు, ఓర్పు లేకపోవడం వల్లే నొప్పులు రావడం లేదనీ, ఇంజెక్షన్ ఇస్తే అవే వచ్చేస్తాయనీ అందులో ఉంది. ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో చాలా ఏళ్లు ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం, పాఠం చెప్పిన దానిని కాబట్టి, ఈ రెండు మాటల్లో ఏదీ నిలబడదని చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా రోజుల్లో విద్యార్థులకు ఎలుక గర్భాశయంతో ఒక ప్రయోగం చేయించేవాళ్లం. చిన్న కండరపు తునకను గాజుపాత్రలోని ద్రవంలో వేలాడదీసి, దాని పైకొసకు కట్టిన దారాన్ని ఒక మీటకు కలిపేవాళ్లం. మీట కొస మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్మును తాకుతూ ఉండేది. కండరం ముడుచుకున్నప్పుడల్లా నల్లని మసి మీద తెల్లగీత పైకి లేచేది. ద్రవంలో కాల్షియాన్ని కావాలనే తగ్గించి, వేడిని కూడా శరీరపు వేడికన్నా తక్కువలో ఉంచేవాళ్లం, ఎందుకంటే లేకపోతే మందు వేయకముందే ఆ తునక తనంతట తానే ముడుచుకుంటూ కూర్చుంటుంది. ముందురోజు ఎలుకకు ఈస్ట్రోజన్ లాగా పనిచేసే స్టిల్బెస్ట్రాల్ సూది వేయడం తప్పనిసరి. ఒక ఏడాది ఆ సూది సంగతి అందరం మరిచిపోయాం. మర్నాడు ఆక్సిటోసిన్, అంటే నొప్పులు రప్పించే ఇంజెక్షన్‌లో ఉండే హార్మోన్, ఎన్ని చుక్కలు వేసినా గీత కాస్త వణికి ఊరుకుంది. ఆ సాయంత్రమే మరో ఎలుకకు సూది వేసి తర్వాతి రోజు మళ్లీ చేస్తే, అదే సీసాలోని మందుకు, మొదటి మోతాదుకే, గీత కాగితం పైఅంచు దాకా పోయింది. ఇప్పుడా ప్రయోగాలు కంప్యూటర్ తెర మీదికి మారిపోయాయి గానీ, మసి కాగితం మీది ఆ రెండు గీతలూ నాకింకా కళ్లకు కట్టినట్టే ఉన్నాయి.

ఆ తేడాకు మూలం కండరకణాల పొరలో ఉంది. ఒక్కొక్క కణం పొరలో అయాన్ చానెళ్లనే సన్నని ద్వారాలు ఉంటాయి. వాటి గుండా పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం, సోడియం లోపలికి వస్తాయి. పొటాషియం బయటికి పోతున్నంతసేపూ కణం లోపలి విద్యుదావేశం బయటికన్నా బాగా తక్కువగా ఉండి, కండరం నిద్రపోతున్నట్టే పడి ఉంటుంది. నెలలు నిండకముందు మనిషి గర్భాశయ కండరంలో ఈ తేడా మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది, కాన్పు దగ్గరపడేసరికి మైనస్ 55 ప్రాంతానికి వస్తుంది. వినడానికి పదిహేను మిల్లీవోల్టులంటే ఏమంత పెద్దది కాదు. కానీ కాల్షియం చానెళ్లు తెరుచుకోవడానికి కణం ఇక ఒక్క అడుగు దూరంలోకి వచ్చిందని దాని అర్థం. అవి తెరుచుకుని కాల్షియం లోపలికి వచ్చినప్పుడే కండరం ముడుచుకుంటుంది. నెలలు నిండకుండా వచ్చే నొప్పులను ఆపడానికి వాడే నిఫెడిపిన్ మాత్ర చేసే పని, సరిగ్గా ఈ కాల్షియం ద్వారాలకు అడ్డుపడడమే.

ఏ ద్వారం ఎంత తెరుచుకోవాలో, అసలు ఏ ద్వారాలు ఎన్ని ఉండాలో చాలావరకు నిర్ణయించేది హార్మోన్లు. ప్రొజెస్టిరాన్ గర్భాశయాన్ని శాంతంగా ఉంచుతుందన్న వాదాన్ని 1950లలో ఆర్పాడ్ చాపో అనే శాస్త్రవేత్త ముందుకు తెచ్చారు. ఈస్ట్రోజన్ దానికి ఎదురు పనిచేస్తుంది: ఆక్సిటోసిన్‌ను అందుకునే గ్రాహకాలను పెంచుతుంది, పక్కపక్క కణాలను కలిపే కనెక్సిన్-43 అనే మార్గాలను కూడా పెంచుతుంది. ఆ మార్గాలు తగినన్ని లేకపోతే, కండరం అక్కడొకచోట ఇక్కడొకచోట బిగుసుకుంటుందే తప్ప సంచి మొత్తం ఒక్క ఊపున ముడుచుకోదు. మన ఇళ్లలో దొంగనొప్పులు అంటామే, వాటికీ అసలు నొప్పులకూ ఉన్న తేడాలో దీనికీ భాగం ఉంది.

మేము చెప్పిన పాఠం ఇంత సూటిగా ఉండేది. తర్వాత తెలిసిన సంగతులు దాన్ని చిక్కుముడిగా మార్చాయి, మరింత ఆసక్తికరంగానూ మార్చాయి. సోడియాన్ని నిరంతరం కొంచెం కొంచెంగా లోపలికి జారనిచ్చే ఎన్‌ఏఎల్‌సీఎన్ అనే చానెల్ ఒకటి గర్భాశయ కండరంలో ఉంది. సోడియం లోపలికి వస్తే కణం మేల్కొనాలి కదా, కాబట్టి ప్రొజెస్టిరాన్ ఈ చానెల్‌ను తగ్గిస్తుందనుకుంటాం. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మానవ కణాలలో చూస్తే, 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం, ప్రొజెస్టిరాన్ దాన్ని పెంచింది, ఈస్ట్రోజన్ తగ్గించింది! ఇదేమి వింత అనిపించింది నాకు. సమాధానం పక్కనే ఉంది: అలా జారివచ్చిన సోడియం, దాని పక్కనే ఉండే ఎస్‌ఎల్‌ఓ2.1 అనే పొటాషియం ద్వారాన్ని తెరుస్తుంది, ఆ దారిన పొటాషియం బయటికి పోయి కణం ఇంకా శాంతిస్తుంది. ఆక్సిటోసిన్ వచ్చి ఈ పొటాషియం ద్వారాన్ని మూయిస్తుంది. అప్పుడు లోపలికి వచ్చే సోడియం కణాన్ని జోకొట్టడం మాని తట్టిలేపడం మొదలుపెడుతుంది. ఒకే నీటికాలువ, తూము మార్చగానే వేరే పొలానికి పారినట్టు.

మనిషికీ మిగతా జంతువులకూ ఇంకో తేడా ఉంది. ఎలుకల్లో, గొర్రెల్లో ఈనడానికి ముందు రక్తంలో ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. స్త్రీలలో అలా పడిపోదు. హార్మోన్ అంతే ఉన్నా, దాన్ని అందుకునే గ్రాహకాల పాళ్లు మారి, కండరం దాని మాట వినడం తగ్గిస్తుంది. అందుకే రక్తపరీక్ష చేసి ఫలానా రోజు నొప్పులు వస్తాయని ఎవరూ చెప్పలేరు.

ఇక ఓర్పు, శ్రమ అన్న మాటకు వస్తాను. కాన్పు సమయంలో సహజంగా తగ్గవలసిన హెర్గ్ అనే పొటాషియం చానెల్ పని, అధిక బరువున్న స్త్రీలలో సరిగా తగ్గడం లేదనీ, అందువల్ల వారి గర్భాశయ సంకోచాలు బలంగా ఉండడం లేదనీ మెల్బోర్న్ పరిశోధకులు 2014లో చూపించారు. బొద్దుగా ఉన్న అమ్మాయిని కాన్పు గదిలో సోమరి అని కసురుకునే వాళ్లందరూ తెలుసుకోవలసిన సంగతి ఇది. తన హెర్గ్ చానెళ్లను గట్టిగా ముక్కి మూసేయడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

మా చెల్లెలి కూతురికి ముప్పై ఎనిమిదో వారంలో, వైద్యపరంగా ఏ తొందరా లేకుండా, మంచి నక్షత్రం ఉందని పెద్దలు పట్టుబడితే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తెల్లవారుజామున నొప్పుల సెలైన్ ఎక్కించారు. రాత్రి పదింటికీ గర్భాశయ ముఖద్వారం తెరుచుకోలేదు. చివరికి పెద్దాపరేషన్ చేశారు. ఆ నక్షత్రం మధ్యాహ్నమే వెళ్లిపోయింది. మేము చేలో కలుపు తీస్తూ కన్నామని అత్తగారు అన్న మాట ఆ పిల్ల మనసులోంచి ఇంకా పోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో సిజేరియన్ కాన్పులు దేశం మొత్తం మీద 21.5 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. ఇవన్నీ ముహూర్తాల వల్లనే అని నేననను.

ఇంజెక్షన్‌నూ నేను తప్పుపట్టడం లేదు. రక్తపోటు పెరిగినప్పుడు, ఉమ్మనీరు ముందే పోయినప్పుడు, గడువు బాగా దాటినప్పుడు నొప్పులు రప్పించడం తల్లీబిడ్డల ప్రాణం కాపాడుతుంది. కాన్పు అయిన వెంటనే రక్తస్రావం ఆపడానికి ఇచ్చే ఆక్సిటోసిన్‌కు సాటి వచ్చే మందులు తక్కువ. కానీ సిద్ధంగా ఉన్న కండరానికి కొద్ది మోతాదు సరిపోతుంది, సిద్ధం కాని కండరానికి గంటల తరబడి ఎక్కిస్తూ పోవలసి వస్తుంది; అలా ఎక్కించిన కొద్దీ గ్రాహకాలు మొద్దుబారి, కాన్పు తర్వాత రక్తం ఆగవలసిన సమయానికి అదే కండరం బిగుసుకోక మొరాయించే ప్రమాదం ఉంది.

కాబట్టి మీ వైద్య శీర్షికలో ఆ జవాబును సవరించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఓర్పు గురించిన వాక్యం తీసేసి, ఆ చోట పాఠకురాలు తన డాక్టరును అడగదగిన ప్రశ్నలు రెండు వేయండి: నొప్పులు ఇప్పుడే రప్పించడానికి వైద్యకారణం ఏమిటి, ముఖద్వారం ఎంతవరకు మెత్తబడింది. రెండో ప్రశ్నకు అంకెల్లో జవాబు చెప్పే బిషప్ స్కోరు అనే కొలత 1964 నుంచీ ఉంది. పరీక్ష చేసిన డాక్టరు దాన్ని నిమిషంలో చెప్పగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మకాలజీ అధ్యాపకురాలు,
తెనాలి.