ఆ పది పుస్తకాల్లో మన సీమ ఏది?

సంపాదకులు గారికి,

నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలప్పుడు మీ జిల్లా పేజీలో వేసిన ‘పిల్లలు తప్పక చదవాల్సిన పది పుస్తకాలు’ చూసి వారం దాటింది. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపంలో మాట తూలుతుందని ఆగాను. వారమైనా కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

ఆ పదింట్లో ఏడు విజయం ఎలా సాధించాలో, డబ్బెలా సంపాదించాలో, టైం ఎలా వాడుకోవాలో చెప్పేవే. మిగతా మూడు పోటీ పరీక్షలకు పనికొచ్చేవి. కథ లేదు, నవల లేదు, పద్యం లేదు. కడప జిల్లా పిల్లలకని చెప్పిన జాబితాలో కడప మనిషి రాసింది ఒక్కటీ లేదు, అనంతపురం మనిషిదీ లేదు. చెప్పింది పెద్ద పెద్ద అధికారులు. వాళ్లు చదువుకున్నవాళ్లే కదా, ఒక్కరికైనా గుర్తు రాలేదా?

నేను ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేశాను. నైట్‌హాల్ట్ ఊళ్లలో బస్సులోనే పడుకుని, ఆ చిన్న లైటు కింద చదివేవాణ్ని. దానికి ఎవరూ మార్కులు వేయలేదు, ప్రమోషనూ ఇవ్వలేదు. చదువుతుంటే మనసుకు బాగుండేది, అంతే. బాగుంటుంది చదవండి అని పిల్లలకు చెప్పడానికి ఇంత మొహమాటం ఎందుకు? వాళ్లకు పొద్దున లేస్తే ర్యాంకుల టెన్షన్. సాయంత్రం చదివే పుస్తకం కూడా అదే టెన్షన్ పెట్టాలా?

మా మనవరాలు ఇంటర్ చదువుతోంది. మొన్న వేసవిలో దాని చేతికి సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’ ఇచ్చాను. ఆయన మన జిల్లా మనిషే. కరువొచ్చి మేత, నీళ్లు దొరక్క గొర్రెల్ని నల్లమల అడవిలోకి తోలుకుపోవడాన్నే కొండపొలం అంటారు. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం రాని కుర్రాడు ఆ మంద వెంట అడవి ఎక్కుతాడు. రెండు రోజులు అది పుస్తకం కింద పెట్టలేదు. మధ్యలో ఒకసారి తలెత్తి, ‘తాతా, జీవాలని పుస్తకంలో కూడా రాస్తారా?’ అని అడిగింది. మా ఇళ్లల్లో గొర్రెల్ని, మేకల్ని జీవాలనే అంటాం. బడిలో ఎక్కడా ఆ మాట కనపడలేదట దానికి. అప్పుడు మా పెద్దన్న కొండపొలం పోయిన సంగతి చెప్పాను. కంబళి, సంగటి మూట, నీళ్ల బుర్ర తీసుకుని పోయి నెల దాటాక గడ్డం పెరిగి వచ్చాడు. మా అమ్మ గుర్తు పట్టలేదు. మనవరాలికి మా అన్న గురించి నేను నోరు విప్పింది అదే మొదటిసారి. ఏ వ్యక్తిత్వ వికాసం పుస్తకం ఈ పని చేస్తుంది?

అధికారులు చెప్పకపోతే నేను చెబుతాను. కేతు విశ్వనాథరెడ్డి గారి కథలు చదవండి. 1996లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం. మన ఊళ్లు, మన భూములు, మన మాట అందులో ఉంటాయి. బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ 18వ శతాబ్దపు సీమను కళ్ల ముందు పెడుతుంది. దానికీ 2019లో అకాడమీ అవార్డు వచ్చింది. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ పైకి చదవాల్సిన కావ్యం, ఒక్కరే చదువుకుంటే సగమే. నేర్చుకోవడానికే కావాలంటే తిరుమల రామచంద్ర గారి ‘మన లిపి పుట్టుపూర్వోత్తరాలు’ ఉంది. మనం రోజూ రాసే అక్షరం ఎక్కడి నుంచి ఎలా మారుతూ వచ్చిందో తెలిస్తే పిల్లలకు ఎంత ఆశ్చర్యంగా ఉంటుందో! ఆయనదే ‘హంపీ నుంచి హరప్పా దాకా’ అనే ఆత్మకథ నేను మూడుసార్లు చదివాను.

సరే, చెప్పడం తేలికే. దొరికేదెక్కడ? మా ఊరి లైబ్రరీకి మనవరాలిని తీసుకెళ్లాను. పేపర్లు చదివే బల్ల దగ్గర నలుగురు పెద్దమనుషులున్నారు. పుస్తకాల బీరువాకు తాళం. అద్దంలోంచి అట్టల మీద పేర్లు కనిపిస్తున్నాయి, తీసుకోవడానికి లేదు. ఇన్‌ఛార్జికి రెండు ఊళ్లట, గురువారం వస్తారన్నారు. గురువారం పోతే మీటింగుకు పోయారన్నారు. ఆయన్ని అనడానికి లేదు, ఒక్క మనిషి రెండు చోట్ల ఎట్లా ఉంటాడు? మరి ఆ రెండో మనిషిని వేయాల్సినవాళ్లు ఏం చేస్తున్నారు? 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు మనం లైబ్రరీలకే కడుతున్నాం. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపాలి. బకాయిలు పేరుకుపోయాయన్న వార్త మాత్రం ఏళ్ల తరబడి చదువుతూనే ఉన్నాం. వారోత్సవాలకు ఫ్లెక్సీలు, శాలువాలు, వ్యాసరచన పోటీలు ఉంటాయి. ఆ వారంలో కూడా మా బీరువా తాళం తీయలేదు.

1820లో ఉద్యోగం మీద కడపకొచ్చిన బ్రౌన్ దొర ఇంగ్లిష్‌వాడు. సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని, రాతప్రతులు వెతికించి, వేమన పద్యాలు ఏరించి అచ్చు వేయించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఈరోజు ఎర్రముక్కపల్లెలో భాషా పరిశోధన కేంద్రం నిలబడి ఉంది. అంత చరిత్ర ఉన్న జిల్లాలో ఒక పిల్లకు ఒక నవల ఇవ్వలేకపోతున్నామంటే నాకు బాధగా ఉంది.

మీ పేజీలో ఈసారి అధికారులను కాకుండా లైబ్రేరియన్లను, తెలుగు అయ్యవార్లను, పుస్తకాల అంగళ్లవాళ్లను అడిగి జాబితా వేయండి. పక్కనే ఏ పుస్తకం ఏ లైబ్రరీలో ఉందో కూడా రాయండి. నా దగ్గర ‘కొండపొలం’ ఇంకో కాపీ ఉంది. బీరువా తెరిచిన రోజు మా లైబ్రరీకి ఇస్తాను.

ఇట్లు,
రిటైర్డ్ కండక్టర్,
కడప జిల్లా