వరం కాదు సార్, వెతికారు

సంపాదకులకు,

గత ఆదివారం మీ స్పోర్ట్స్ పేజీలో పోర్షియా వుడ్‌మన్ గురించి వేసిన ముక్క చదివి వారం అవుతోంది. రాద్దామా వద్దా అని ఊగి ఊగి ఈరోజుకి కూర్చున్నాను. ముప్పయ్యేళ్ళు ఆడపిల్లల చేత కబడ్డీ ఆడించిన డ్రిల్లు మాస్టార్ని, ఊరుకోవడం నా వల్ల కాలేదు. పేజీకి ముప్పావు వంతు ఏ క్రికెటర్‌కి మోకాలు నొప్పో రాసి, అడుగున వేలెడు జాగాలో ఆమెను కుక్కారు. పైగా బొమ్మ కింద 'అమెరికన్ ఫుట్‌బాల్ తార' అట! న్యూజిలాండ్ అమ్మాయండీ, ఆడింది రగ్బీ సెవెన్స్. జట్టుకి ఏడుగురు, ఆట పద్నాలుగు నిమిషాలు, గ్రౌండు మాత్రం జట్టుకి పదిహేను మంది చొప్పున ఆడే మామూలు రగ్బీ గ్రౌండంత పెద్దది. ఒక్కసారి ఆ చివరి దాకా పరిగెత్తి చూడమనండి మీ సబ్ ఎడిటర్‌ని.

అది పోనీ. 'పుట్టుకతోనే దేవుడిచ్చిన వరం' అని రాశారు చూడండి, అక్కడ మండింది నాకు. వాళ్ళ నాన్నా, ఆయన తోడబుట్టినవాడూ ఆల్ బ్లాక్స్‌కి, అంటే న్యూజిలాండ్ మగవాళ్ళ రగ్బీ జట్టుకి, ఆడినవాళ్ళే, కాదనను. కానీ అప్పట్లో ఈ పిల్ల ఆడుతున్నది నెట్‌బాల్. 2016 రియో ఒలింపిక్స్‌లో సెవెన్స్ పెడుతున్నారని తెలిసి అక్కడి రగ్బీ వాళ్ళు 2012లో ట్రయల్స్ పెట్టి, వేరే ఆటలు ఆడే అమ్మాయిల్ని కూడా పిలిచి పరిగెత్తించి చూశారు. అలా దొరికింది ఈమె. దేవుడు కాదు, ఎవరో ఒక విజిల్ పట్టుకుని వెతికారు. నాలుగేళ్ళకు రియో ఫైనల్లో ఎల్లో కార్డు పడి రెండు నిమిషాలు బయట కూర్చుంది, జట్టు 24-17తో ఆస్ట్రేలియాకు ఓడింది. అక్కడితో ఎవరూ ఆమెను ఇంటికి పంపలేదు. తర్వాత పెద్ద గాయమై చాలాకాలం ఆటకు దూరమైంది, అప్పుడూ పంపలేదు. టోక్యోలో బంగారం, 2024లో పారిస్‌లో మళ్ళీ బంగారం, ప్రపంచ సిరీస్‌లో రెండు వందల యాభై పైచిలుకు ట్రైలు (బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనిస్తే ఒక ట్రై). ఇందులో ఒక్క ముక్కయినా వేశారా మీరు?

మా బడిలో ఒక పిల్ల ఉండేది. కూతకు వెళ్తే నలుగురు మీద పడినా జారిపోయి గీత తాకేది. రగ్బీకి కావలసింది అదే కదా! ఆ పిల్ల జిల్లా స్థాయి సర్టిఫికెట్ మీద ఒక్క సంతకం కోసం వాళ్ళ నాన్న కూలి మానుకుని ఐదుసార్లు తిరిగాడు. ఏ ఆఫీసో రాయను, తిరిగినవాళ్ళకు తెలుసు. సారు క్యాంపులో ఉన్నారు, సారు మీటింగులో ఉన్నారు, ఆరోసారికి సారు బదిలీ అయ్యారు. ఇంటర్ అయ్యీ అవ్వగానే పెళ్ళి చేసేశారు. ఇప్పుడు తిరుపతిలో ఒక చీరల షాపులో పనిచేస్తోంది. రాత్రి షాపు మూశాక చిత్తూరు బస్సు కదిలిపోతుంటే ఇప్పటికీ పరిగెత్తి ఎక్కేస్తుందట, కండక్టర్లకు కూడా తెలుసట.

ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 నుంచి 3 శాతం చేశామని చెబుతున్నారు, సంతోషం. కానీ ఆడడానికి నేల ఏదీ? మా వైపు ఒక గ్రౌండు ఉంది, పేరెందుకులెండి. సంక్రాంతికి ఎగ్జిబిషన్, ఆ తర్వాత ఏదో ఒక సభ, మధ్యలో ఎవరింటిదో రిసెప్షన్. షామియానా గుంజలు పీక్కుపోతారు, గుంతలు మాత్రం మాకు వదిలేస్తారు. కిందటేడు ఒక పాప కాలు ఆ గుంతలో పడి మడమ మెలిపడింది. అర్జీ ఇస్తే 'పరిశీలనలో ఉంది' అన్నారు. గుంతను పరిశీలించడానికి పది నెలలా?

బీహార్ అంటే మనకు వెటకారం. 2025 ఆగస్టులో అక్కడి రాజ్‌గిర్‌లోనే ఆసియా అండర్ 20 రగ్బీ సెవెన్స్ పోటీలు పెట్టారు, మన దేశం అమ్మాయిలు కాంస్యం తెచ్చారు. అది మీ చిత్తూరు ఎడిషన్లో వచ్చిందేమోనని పాత పేపర్లన్నీ తిరగేశాను, నాకైతే కనబడలేదు. అదే రోజు ఒక నాయకుడు రిబ్బన్ కత్తిరించిన ఫొటో మాత్రం నాలుగు కాలమ్స్‌లో ఉంది, అదీ రంగుల్లో.

మీ విలేకరిని ఏదో ఒక సాయంత్రం నాలుగున్నరకి గ్రౌండుకి పంపండి. ఇప్పటికీ పదకొండు మంది ఆడపిల్లలు వస్తున్నారు, పెన్షన్ తీసుకుంటూ నేనే విజిల్ ఊదుతున్నాను. చెప్పులతో కాకుండా బూట్లు వేసుకుని రమ్మనండి, గుంతలున్నాయి.

– ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు, కొంగారెడ్డిపల్లె, చిత్తూరు