ముందు శిథిలాల లెక్క తేల్చండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. గాజా పునర్నిర్మాణం పేరుతో సముద్రతీరం వెంట అద్దాల మేడలు నిలబెట్టిన ఊహాచిత్రాలు కొంతకాలంగా పత్రికల్లో, టీవీల్లో కనిపిస్తున్నాయి. ఆ బొమ్మల్లో ఒక్క పెచ్చు కూడా నేల మీద లేదు. అక్కడి శిథిలాలు ఐదు కోట్ల టన్నులకు పైనేనని ఐక్యరాజ్యసమితి 2025లోనే అంచనా కట్టింది. ఆ గుట్టలను ఏం చేస్తారో చెప్పనిదాన్ని ప్రణాళిక అని పిలవడానికి, ముప్పై ఏళ్ళు కట్టడాల దగ్గర పనిచేసిన నాకు మనసొప్పడం లేదు.

శాలిబండలోని మా తాతగారి ఇంటిని పడగొట్టిన రోజులు గుర్తున్నాయి. గానుగ సున్నంతో కట్టిన గోడలవి. కూలీలు సుత్తితో తట్టితే ఇటుకలు దేనికది విడివడ్డాయి. చాలావరకు మళ్ళీ అమ్ముడుపోయాయి. తరువాతి కాలంలో సిమెంటుతో కట్టిన వంటగది గోడ మాత్రం ఇటుకలతో సహా ముక్కలైంది. సున్నం ఇటుక కన్నా మెత్తన, కాబట్టి దెబ్బ తగిలితే అతుకు విడిపోతుంది. సిమెంటు అతుకు వదలదు, ఇటుకే పగులుతుంది. గోడ కట్టేనాడు ఎంచుకున్న అతుకే, కూలేనాడు చేతికి మిగిలేదేమిటో నిర్ణయిస్తుంది.

రెండో ప్రపంచయుద్ధంలో దాదాపు 85 శాతం నేలమట్టమైన పోలండ్ రాజధాని వార్సా తన పాత పట్టణాన్ని శిథిలాల్లో ఏరిన ఇటుకలతోనే చాలామేరకు తిరిగి కట్టుకుంది. చాలనివి వ్రోట్స్‌వాఫ్ వంటి పట్టణాల నుంచి తెచ్చారు. అందుకోసం అక్కడ నిలిచి ఉన్న కట్టడాలను కూడా పడగొట్టారు, అది ఆ ఊళ్ళకు జరిగిన అన్యాయమే. ఇరాక్‌లోని మోసుల్‌లో 2017లో పేల్చేసిన అల్ హద్బా అనే పాత మసీదు మినారు కోసం పేలని బాంబుల మధ్య నుంచి దాదాపు 45,000 పాత ఇటుకలను ఏరి దాచారు. పనికొచ్చిన వాటిని కొత్త మినారులో పేర్చారు. ఆ ఊరివాళ్ళకు అది తమ మినారుగానే మిగిలింది.

గాజాలో కూలింది ఎక్కువగా కాంక్రీటు. అక్కడ ఇటుకలు ఏరే పని ఉండదు. పేలని బాంబులను తొలగించి, ఆస్‌బెస్టాస్ ముక్కలను వేరుచేసి, ఇనుప చువ్వలు లాగి, మిగిలినదాన్ని కంకరగా నలగ్గొట్టాలి. ఆ కంకరకు పాత సిమెంటు అంటుకుని ఉంటుంది. అది నీరు ఎక్కువ పీలుస్తుంది, బలం తక్కువ. అందుకే మన భారతీయ ప్రమాణం ఐఎస్ 383 (2016) దాన్ని ఇనుము వేసిన కాంక్రీటులో 20 శాతం దాకానే, అదీ కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడుల్లో ఎం25 వరకే అనుమతిస్తుంది. పునాది కింద వేసే, సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటులో మాత్రం నూటికి నూరు శాతం వాడవచ్చు. పిల్లర్లకు, శ్లాబులకు చాలామేరకు కొత్త కంకర కావలసిందే. రోడ్ల అడుగు పొరలకు, ఫుట్‌పాత్‌లకు, పేవర్ బ్లాకులకు ఈ శిథిలాలు చక్కగా సరిపోతాయి. నగరాన్ని నిలబెట్టేటప్పుడు మొదట కావలసినవి అవేగదా.

ఇళ్ళ నమూనాల విషయంలోనూ పాత పద్ధతులను చూడాలి. సిరియాలోని అలెప్పో పాత ఇళ్ళలోనూ మన పాతబస్తీ దేవిడీల్లోనూ (నవాబుల కాలపు పెద్ద ఇళ్ళు) మధ్యలో పైకప్పు లేని వాకిలి, చుట్టూ మందపాటి గోడలు ఉంటాయి. గాజా ఎండలకు అద్దాల మేడ నిలబెట్టి రాత్రింబవళ్ళు ఏసీలు నడపమనడం, కరెంటే సరిగా లేని జనానికి చేసే సాయం కాదు.

ఈ సంగతి హైదరాబాద్‌కు ఎందుకు అంటారేమో. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల తాపీ మేస్త్రీలు గల్ఫ్‌కే కాదు, ఇరాక్‌కు కూడా పనికి వెళ్ళారు. రేపు గాజాలో గోడలు లేపే చేతుల్లో మనవీ ఉంటాయి. వాళ్ళకు, మన ఇంజినీరింగ్ విద్యార్థులకు సున్నం పని, శిథిలాలను వేరుచేసే పని నేర్పించాలి.

ఆ పాఠానికి బడి మన ఊళ్ళోనే ఉంది. జీడిమెట్లలో 2020లో, ఫతుల్లాగూడలో 2021లో నిర్మాణ వ్యర్థాలను శుద్ధి చేసే ప్లాంట్లు వచ్చాయి. ఒక్కొక్కటి రోజుకు 500 టన్నుల సామర్థ్యం గలది. అయినా మా కాలనీ పక్క చెరువు గట్టున రాత్రిపూట టిప్పర్లు పెచ్చులు కుమ్మరించి పోతూనే ఉన్నాయి. నగర పాలకులకు నా విన్నపం ఇది. రోడ్డు, ఫుట్‌పాత్ టెండర్లలో ఈ ప్లాంట్ల సరుకు వాటా ఎంతో అంకెలతో రాయండి. పాత ఇల్లు పడగొట్టిన ప్రతి యజమాని దగ్గరా శిథిలాలు ప్లాంటుకు చేరినట్టు రసీదు చూశాకే కొత్త ఇంటికి అనుమతి ఇవ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు,
మలక్‌పేట, హైదరాబాద్