భజన సమాజం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామున నగర సంకీర్తన సాగింది. రథసప్తమికి అరసవల్లి వెళ్లే భక్తులకు దారిలో మంచినీళ్లు, పులిహోర అందించాం. భీష్మ ఏకాదశి నాడు విష్ణు సహస్రనామ పారాయణం చేశాం. ధర్మాలన్నిటిలో ఏది గొప్పదని ధర్మరాజు అడిగితే, అంపశయ్య మీది భీష్ముడు భగవంతుణ్ణి భక్తితో స్తుతించడమేనని చెప్పి ఆ వేయి నామాలు వినిపించాడు. పిల్లలు పుస్తకం చూడకుండా సగం వరకు చెప్పగలిగారు.

శ్రీరామనవమి ముందు జరిగిన ఏకాహం, అంటే ఒక పగలు, ఒక రాత్రి ఆగకుండా సాగే నామ భజన గురించి కాస్త వివరంగా చెప్పాలి. మినుము నూర్పుల రోజులవి. కళ్లాల నుంచి నేరుగా వచ్చి, కాళ్లు కడుక్కున్నవారిని స్నానం లేకుండా భజనలో కూర్చోబెట్టవచ్చా అని కొందరు పెద్దలు సందేహించారు. పెద్దల శుచి నియమం మీద మాకు గౌరవం ఉంది. అయితే మనం పాడే ‘హరే రామ హరే రామ’ పదహారు నామాలు కలిసంతరణోపనిషత్తులోవి. ఈ జపానికి విధి ఏమిటని నారదుడు అడిగితే, విధి ఏదీ లేదని, శుచిగా ఉన్నా లేకున్నా ఎల్లప్పుడూ పఠించవచ్చని బ్రహ్మ చెప్పాడు. 16వ శతాబ్దం తొలినాళ్లలో మన శ్రీకూర్మానికి వచ్చిన చైతన్య మహాప్రభువు కుష్ఠురోగి వాసుదేవుణ్ణి కౌగిలించుకున్నాడని ఆయనను అనుసరించే గౌడీయ వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. అలాంటి చోట నామానికి గడప అడ్డం పెట్టడం తగదని కార్యవర్గం నిశ్చయించింది. వచ్చినవారందరూ కూర్చున్నారు.

మగవారు చాలామంది పనులకు వలస వెళ్లడంతో అర్ధరాత్రి దాటాక వంతులు ఖాళీ అయ్యాయి. వాటిని ఆడవారు పూర్తిగా తమ మీద వేసుకున్నారు. వంతు మారేటప్పుడు కొత్త జట్టు ముందుగా గొంతు కలుపుతుంది. రెండు ఆవృత్తులు కలిసి పాడాక, పాతవారు తాళాలు ఒక్కొక్కటిగా అందించి లేస్తారు. మృదంగం చివరన చేతులు మారుతుంది. అఖండ దీపంలో నూనె పోసేవారి పెదవులూ ఆడుతూనే ఉన్నాయి. తెల్లవారేదాకా నామం తెగలేదు. ఆ తల్లులకు సమాజం చేతులెత్తి నమస్కరిస్తోంది.

రాత్రి మైకు ఆపేయడం మంచిదైంది. మైకు ఉంటే ఇద్దరు పాడతారు, మిగతావారు వింటారు. అది లేనప్పుడు అందరూ నోరు తెరిచారు. ఇకపై ఇదే పద్ధతి పాటిద్దాం.

జమాఖర్చుల పుస్తకం మందిరంలో ఉంది, ఎవరైనా చూడవచ్చు. మృదంగానికి మూతలు వేయించాలి. వచ్చే ఏకాహంలో రాత్రి వంతులకు కూర్చునేవారు ఉగాదిలోగా పేర్లు ఇవ్వండి.

ఇట్లు,
కార్యవర్గం