మన ల్యాబు జమా ఖర్చులు: వైరింగుకి అంత ఎందుకైంది?

అందరికీ నమస్కారం. మన విశాఖ డిపార్ట్‌మెంటులోని డిజిటల్ ఇన్నోవేషన్ ల్యాబు బాగు కోసం మీరిచ్చిన డబ్బు లెక్క ఇది. పేరుపేరునా అందరికీ కృతజ్ఞతలు. పాకెట్ మనీలోంచి ఇచ్చిన ప్రస్తుత విద్యార్థులకు మరీనూ.

జమ: పూర్వ విద్యార్థుల నుంచి రూ.7,42,000, అధ్యాపకుల నుంచి రూ.1,15,000, విద్యార్థుల నుంచి రూ.38,500, బ్యాంకు వడ్డీ రూ.6,210. మొత్తం రూ.9,01,710.

ఖర్చు: 24 జీబీ గ్రాఫిక్స్ కార్డుతో కంప్యూటరు రూ.3,68,000. త్రీడీ ప్రింటరు రూ.46,400. రాస్‌ప్‌బెర్రీ పై, ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటరు బోర్డులు, సెన్సర్లు, మల్టీమీటర్లు రూ.71,850. బల్లలు, సున్నం రూ.58,300. గదిలో తేమ లాగే డీహ్యుమిడిఫయరు రూ.32,500. ఆడిటింగు, రసీదు పుస్తకాలు రూ.4,120.

ఇక అందరూ అడుగుతున్నది: వైరింగు, ఎర్తింగు, యూపీఎస్ కలిపి రూ.2,64,700. "రెండు కంప్యూటర్లన్నారు, ఒకటే కొన్నారేం?" అంటున్నారు. నిజమే, ముందు అనుకున్నది రెండే. కానీ స్విచ్చుబోర్డు విప్పేసరికి లోపల రాగి తీగ పచ్చగా చిలుమెక్కి ఉంది. కాస్త వంచితే పైతొడుగు పెంకుల్లా రాలింది. ఎర్తు తీగ గోడలోకి వెళ్లి అక్కడే ఆగిపోయింది, నేలలోని ఎర్తు గుంట దాకా పోలేదు. పిల్లలు కంప్యూటరు డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోందని చెబుతున్నది అందుకే. ఉప్పుగాలి ఊళ్లో ఇలాంటి లైనుకి మూడున్నర లక్షల సామాను తగిలించమని మేం సంతకం పెట్టలేం.

ఆ రూ.2,64,700లో తీగలు, ఎంసీబీలు (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చులు), కూలీ రూ.92,200, రెండు ఎర్తు గుంటలు రూ.38,500, యూపీఎస్, బ్యాటరీలు రూ.1,34,000. తక్కువ కొటేషన్‌ను కాదని రెండోది తీసుకున్న మాట వాస్తవం. తక్కువ రాసినాయన ఒక్క గుంటే రాశారు, పని అయ్యాక ఎర్తు కొలిచి చూపిస్తామన్న మాటే లేదు. పని ఆలస్యమైంది మాత్రం గోడలు కొట్టడానికి అనుమతి కోసం, ఆపై పరీక్షలు అయ్యేదాకా ఆగడం వల్ల. పరీక్షలప్పుడు డ్రిల్లింగు పెట్టించలేం కదా.

డీహ్యుమిడిఫయరు దండగ అన్నవారికి: త్రీడీ ప్రింటరులో వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ తీగ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ కరిగి బయటికొచ్చే వేడి ముక్కు దగ్గర ఆ తేమ ఆవిరై చిటపటలాడుతుంది, బొమ్మ నిండా బుడగలు, పోగులు వస్తాయి. వానాకాలంలో మన గదిలో జరిగిందదే.

అమెరికా పౌరసత్వం తీసుకున్న కొందరి డబ్బు వెనక్కి పంపాం, అది పై జమలో లేదు. మన సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేదు, తీసుకుంటే చట్టవిరుద్ధం. దయచేసి మనసు కష్టపెట్టుకోవద్దు. ఇండియన్ పాస్‌పోర్టే ఉన్న ఎన్నారైలు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు.

మొత్తం ఖర్చు రూ.8,45,870. చేతిలో ఉన్నది రూ.55,840. ఇస్తామని సభలో అందరి ముందూ చెప్పి ఇంకా ఇవ్వనివారు పదకొండుమంది, వారి నుంచి రావాల్సింది రూ.1,90,000. పేర్లు రాయడం లేదు. ఫోన్ చేస్తే కనీసం ఎత్తండి. అది వస్తే 16 జీబీ కార్డుతో రెండో కంప్యూటరు వచ్చేస్తుంది, లైను, యూపీఎస్ దానికీ సరిపడేలానే వేయించాం.

బిల్లులు, మూడు కొటేషన్లు, ఎర్తు కొలత కాగితం ల్యాబు అసిస్టెంటు దగ్గర ఫైలులో ఉన్నాయి. పనిరోజుల్లో ఎవరైనా వచ్చి చూడొచ్చు.

— ల్యాబు అభివృద్ధి కమిటీ